జేబు

పదహారేళ్ళొచ్చేదాకా నా ఒంటిమీద
మా మంగతాయారక్కే తిరిగింది.
ఆమె పరికిణీలు, ఆమె ఓణీలు,
చంకల్లో ఆమె చెమట మరకలు.
తరవాత కాలేజీ యూనిఫాం.
ఆ తరవాతంతా పెట్టుబడి చీరలు,
ఎవరి గృహప్రవేశానికో ఎవరో ఎంచిన రంగులు.

నలభై ఒకటో ఏట ఒక పొద్దున బీరువా తెరిస్తే
లోపల అందరూ ఉన్నారు:
పిన్నత్తగారు, పెద్దాడపడుచు,
మడత విప్పని డాక్టరుగారి వదినగారు.
ల్యాబుకి టైమైపోతోంది.
డాక్టరుగారి వదినగారిని కట్టుకుని రేవుకెళ్ళాను.

అమలాపురం గడియారస్తంభం దగ్గర
అద్దాల వెనక ఒక బొమ్మ, తల లేదు దానికి.
అది వేసుకున్నదే నేనూ కొన్నాను.
అంత ఘేరున్న పలాజో.
ముక్తేశ్వరం రేవులో పంటెక్కానో లేదో
గోదారి గాలి దూరి
కాళ్ళకి రెండు తెరచాపలెత్తింది.
సరంగు పైనించి కేకేశాడు:
"మేడంగారండీ, ఇంజనాపేయమంటారేటండి?
మీ గాలికే కోటిపల్లి ఎల్లిపోద్దండి, ఆయ్!"
అందరితోపాటు నేనూ నవ్వాను.
ఇంటికొచ్చి ఏడ్చాను, కొంచెమే.

ల్యాబులో కొత్తగా చేరిన బ్యూలాని చూసి
జీన్సు కూడా కొన్నాను.
ఆ పిల్లకి అది చర్మం.
నేను మాత్రం భాద్రపదం ఉక్కలో
పనసాకు పొట్టిక్కబుట్టలో పిండిలా
సాయంత్రానికి ఉడికిపోయాను.

అప్పుడు పాలలెక్క పుస్తకం వెనకనించి
రాయడం మొదలెట్టాను.
సోమవారం: గంధంరంగు చీర. పదకొండుసార్లు సర్దుకున్నాను.
మంగళవారం: సూది గుచ్చబోతుంటే కొంగు జారి నెత్తురు గొట్టంమీద పడింది.
గురువారం: మా ఆయన పాత చొక్కా, మేడమీద బట్టలారేస్తున్నప్పుడు.
ఎవరూ చూడలేదు. కిందకి దిగబుద్ధి కాలేదు.
ఆ గురువారం కింద గీత గీశాను.

బండారులంకలో మగ్గం గుంటలోంచి
వీరభద్రంగారు తలెత్తారు.
చీర కాదండీ, తాను కావాలన్నాను.
రంగో? అన్నారు.
పేరు తెలీదు నాకు.
కాలవలు కట్టేశాక అడుగున కనిపిస్తుంది చూడండి,
ఎండీ ఎండని మట్టి, అది.
ఇంకోటి, పొట్టమీదున్న చేను పచ్చ.
ఆయన ఆడుతున్న నాడె ఆపి
"ఈనకముందా, ఈనుతుండగానా?" అనడిగారు.
నా జన్మలో ఒక రంగు గురించి
నన్నింత జాగ్రత్తగా ఎవరూ అడగలేదు.
ముందే, అన్నాను.

జిలానీ టేపు మెళ్ళో వేసుకుని
"లేడీసుకి జేబు పెట్టనమ్మా, షేపు పోద్ది" అన్నాడు.
షేపు నాది, నేను చూసుకుంటా, నువ్వు జేబు పెట్టు.
ఎంత లోతమ్మా?
చెయ్యి చాపి మణికట్టు దగ్గర గీత చూపించాను.
కాలరు ఒకసారి గొంతు పిసికింది, ఇప్పించాను.
ఒకసారి కుక్కచెవుల్లా వేలాడింది, ఇప్పించాను.
మూడోసారి అతనే విసుక్కోకుండా
సుద్దముక్క నా చేతికిచ్చాడు.

ఇప్పుడు పంటుమీద ఆ మట్టిరంగు చొక్కా,
మోచేతులదాకా మడిచిన చేతులు.
కుడిజేబులో చిల్లర, ఎడంజేబులో ఖాళీ.
ఆ ఖాళీలో నా చెయ్యి.
గాలి వచ్చి పక్క చీలికల్లోంచి
తన దారిన తాను పోతుంది.
సరంగు చూశాడు. ఏమీ అనలేదు.

మొన్న మంగతాయారక్క వచ్చింది.
"ఏంటే ఇది, మగాడి చొక్కాలాగ" అంటూనే
జేబులో చెయ్యి పెట్టింది.
వెంటనే తియ్యలేదు.
"ఇది నాకిచ్చెయ్యకూడదే?"
ఇవ్వనన్నాను.
జిలానీ దగ్గరికి తీసుకెళ్తా పద,
ముందు రంగు చెప్పు.

అక్క రేవుమెట్టుమీద కూర్చుని ఆలోచించింది.
నీళ్ళవైపు చూసింది, అరటి గెలల లారీవైపు చూసింది,
తన చీరవైపు, అది వాళ్ళ కోడలు పెట్టింది, చూసింది.
"నువ్వే చెప్పవే" అంది.

నేను చెప్పలేదు.
పంటు ఇంకా అవతలొడ్డునే ఉంది.